మొదటి స్థానం మీద చర్చ లేదు

పందొమ్మిదేళ్ల కిందటి జూన్ ఎనిమిది, శనివారం మధ్యాహ్నం. ఆ రోజు వాళ్లు తిన్నవి ఉడకబెట్టిన గుడ్లు, మిరియాల పొడి, ముందురోజు కొన్న రొట్టె. తేదీ, తిండీ రెండూ ప్రూఫ్‌రీడర్‌కి ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఒకటే. ఆ మధ్యాహ్నం ఆయన బావమరిది సగం తిన్న గుడ్డుని పళ్లెంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఈయన మొహం చూడలేదు.

అది పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే కొట్టు వెనకగది. అందులో ఒక టర్న్‌టేబుల్, ఒకదానికొకటి పొంతన లేని నాలుగు కుర్చీలు, గోడకి ఒక నల్లబల్ల. బల్లమీద ప్రపంచంలోని అతి గొప్ప రాక్ బ్యాండ్లు పది, సుద్దముక్కతో రాసి ఉంటాయి. ఆ పదింటినీ నిర్ణయించేది నలుగురు. ఒకరు కొట్టు నడిపే షాపాయన. ఒకరు కళ్లజోళ్లు చేసే ఆప్టీషియన్. ఒకరు భూములు కొలిచే సర్వేయరు. నాలుగోవాడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఈయన. ఊళ్లో ఎవరి అచ్చు కాగితంలో ఏ అక్షరం జారినా పట్టుకోగల మనిషి కాబట్టి ఈయన్ని వాళ్లు జడ్జీ అనేవాళ్లు. పిలుపు ఎగతాళిగా మొదలైంది. ఈయన దాన్ని నిజమనుకున్నాడు. కొన్నాళ్లకి వాళ్లూ అనుకున్నారు.

ఏటా జూన్ రెండో శనివారం బల్ల తుడిచి, కొత్త జాబితా రాస్తారు. దానికో పద్ధతుంది. ఒక బ్యాండుని బల్ల ఎక్కించాలనుకున్నవాడు దాని రికార్డు పెట్టాలి. పాట అయ్యాక షాపాయన వంటింటి టైమర్ గంటని పావుగంటకి తిప్పుతాడు. ఆ పావుగంటా మిగతా ముగ్గురూ ఆ బ్యాండుని తిట్టాలి. ఎక్కించినవాడు పెదవి విప్పకూడదు. విప్పాడా, బ్యాండు బల్ల దిగినట్టే.

బయటివాళ్లకి ఇది పిచ్చిగా కనిపించవచ్చు గానీ, వారమంతా ఎవరెవరి దగ్గరో తలవంచుకుని పని చేసుకునే నలుగురికి ఆ పావుగంట ఎంత హాయో చెప్పలేం.

"హాలిడే ఎంజిన్స్ రికార్డులు పది కోట్ల మంది కొన్నారటోయ్" అని సర్వేయరు ఒకసారి తన బ్యాండు పెట్టకముందే గొప్పలు పోయాడు.

"పది కోట్ల మందికి జలుబు కూడా చేస్తుంది" అన్నాడు ప్రూఫ్‌రీడర్.

"ఆ గిటారు విన్నాక మా ఇంటి మిక్సీ మీద నాకు గౌరవం పెరిగింది" అన్నాడు ఆప్టీషియన్.

ఇలా రెండో స్థానం నుంచి పదో స్థానం దాకా రక్తపాతమే. మొదటి స్థానం మాత్రం అలా కాదు. అక్కడ ఏటా ఒకటే పేరు, పేపర్ ఫర్నేస్. మూసేసిన ఒక రేడియో స్టేషన్ నుంచి షాపాయన కట్టలుగా కొనుక్కొచ్చిన రికార్డుల్లో దొరికింది. తెల్ల అట్ట, తెల్ల లేబుల్. అట్ట మీద ఎవరో పెన్సిల్‌తో బ్యాండు పేరు రాశారు. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. పెట్టి విన్నారు. గిటార్లు బురదలో ఈడ్చినట్టు కదిలాయి. డ్రమ్ములు శవాన్ని మోసేవాళ్ల అడుగుల్లా పడ్డాయి. పాడేవాడి గొంతు బావి అడుగునుంచి వచ్చింది. ఒక్క మాటా అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే దాని గొప్పతనమని ప్రూఫ్‌రీడర్ తీర్పు చెప్పాడు.

"వీడు గనిలో పనిచేసినవాడు" అన్నాడు సర్వేయరు. "బొగ్గు పట్టిన ఊపిరితిత్తులవి."

"మగాడంటే ఇలా పాడాలి" అన్నాడు షాపాయన. ఆ ఊపులోనే బల్ల అడుగున, ఏటా తుడవని చోట, రెండు నియమాలు రాశారు. ఒకటి, ఆడగొంతు రాక్‌కి పనికిరాదు. రెండు, మొదటి స్థానం మీద చర్చ లేదు, చర్చించినవాడికి ఈ గదిలో కుర్చీ లేదు. రెండో వాక్యం ప్రూఫ్‌రీడరే రాసి, తనే దిద్దాడు.

సర్వేయరు ఒకసారి ఇంటర్నెట్‌లో వెతికాడు. ఏమీ దొరకలేదు. "వెతగ్గానే దొరికేది గొప్ప బ్యాండెలా అవుతుందయ్యా?" అన్నాడు ప్రూఫ్‌రీడర్. అదీ తీర్పే.

గుడ్లు తిన్న ఆ శనివారం బావమరిదిని ఆయనే ముచ్చటపడి తీసుకెళ్లాడు. భార్యకి ఒక్కడే తమ్ముడు. అప్పట్లో ఒక హోటల్లో, భోజనాల వేళ వాయించే బ్యాండులో డ్రమ్మర్. పేపర్ ఫర్నేస్ పెట్టి, కళ్లు మూసుకుని, "విను" అన్నాడు బావ. బావమరిది విన్నాడు. కుర్చీ చేతిమీద వేళ్లు ఆడించాడు. మొహం చిట్లించాడు.

"బావా, ఏదో తేడాగా ఉంది. ఆ సింబల్, ఆ కంచు పళ్లెం చూడు, కొట్టాక ఎంతసేపు మోగుతోందో. కంచు అంతసేపు మోగదు. పాడేవాడు చూడు, ఊపిరి పీల్చుకోడానికే అరనిమిషం తీసుకుంటున్నాడు. మనుషులు ఇలా వాయించరు. ఇది ఇంకా వేగంగా పోవాలి."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వితే సరిపోయేది. ప్రూఫ్‌రీడర్‌కి పరువు అడ్డొచ్చింది. తను తీసుకొచ్చిన మనిషి తన బ్యాండునే అనుమానించాడు మరి.

"సూపు తాగేవాళ్ల వెనక స్పూన్ల చప్పుడుకి తాళం వేసుకునేవాడివి. నీకెందుకురా ఇవన్నీ? వేగంగా పోవాలంటే నువ్వు పో."

బావమరిది పళ్లెం కింద పెట్టి వెళ్లిపోయాడు. వెనకనుంచి ఆప్టీషియన్ ఇంకేదో అన్నాడు, మళ్లీ నవ్వారు.

ఆ తర్వాత భార్య తమ్ముడింటికి ఒక్కతే వెళ్లేది, ఒక్కతే వచ్చేది. ఒక్కనాడు నిష్ఠూరమాడలేదు. వచ్చి చెప్పులు విప్పుకుంటూ, "తమ్ముడు మిమ్మల్ని అడిగాడు" అనేది. ఆయన పేపరు వెనకనుంచి "ఊఁ" అనేవాడు. అడుగుతున్నాడు కదా, అంత కోపమేం లేదులే అనుకుని హాయిగా పడుకునేవాడు.

*

ఈ ఏడు జూన్ రెండో శనివారానికి ఇంకా రెండురోజులుంది. గురువారం అచ్చాఫీసుకి సెలవు. షాపాయన బ్యాంకు పనిమీద పోతూ, గంటసేపు కొట్టు చూడమని ప్రూఫ్‌రీడర్‌ని కూర్చోబెట్టాడు. ఆ గంటలో ఒక నర్సు వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. వాళ్ల నాన్న రికార్డులు ఒక అట్టపెట్టెలో పట్టుకొచ్చింది.

"నాన్న పోయి ఆరునెలలైందండీ. ఇవి వినేవాళ్ల దగ్గరుంటే బాగుంటుందని."

ఆయన ఎప్పటిలాగే పెదవి విరుస్తూ పెట్టె తిరగేశాడు. చెత్త, చెత్త, పెళ్లి భోజనాల చెత్త. ఆరోదాని దగ్గర చెయ్యి ఆగింది. అట్టమీద రంగుల ఫోటో. నీళ్లులేని ఈతకొలను అంచున నలుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు అమ్మాయిలు, ఒక బక్కపలచని కుర్రాడు. మధ్యలో అమ్మాయి మైకు పట్టుకుని, వంకర పన్ను కనిపించేలా నవ్వుతోంది. పైన పెద్ద అక్షరాలతో పేపర్ ఫర్నేస్.

రికార్డు బయటికి తీశాడు. లేబుల్ మీద, ఎంత దూరాన్నుంచైనా కనిపించేలా, నలభై అయిదు అని అచ్చువేసి ఉంది.

ఆ సైజు రికార్డు నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతుంది. కొన్ని మాత్రం నలభై అయిదు తిరగాలి. తక్కువ తిరిగితే పాట సాగిపోతుంది, గొంతు లావెక్కుతుంది. అది లేబుల్ చూసి తెలుసుకోవాల్సిన సంగతి. వాళ్ల తెల్ల లేబుల్ మీద ఏమీ లేదు. నలుగురిలో ఒక్కడికీ టర్న్‌టేబుల్ మీది వేగం మీట అటు తిప్పి చూడాలని తోచలేదు. మీట చెయ్యి చాస్తే అందేంత దూరం.

అట్ట వెనక పాటల వివరాలు వరసగా ఉన్నాయి. ఆయన ఒక చిన్న పత్రికలో 'మృత్యువు నడక' అని నాలుగు పేజీల వ్యాసం రాసిన మొదటి పాట, నిజానికి ఒక అమ్మాయి బ్రేకుల్లేని సైకిలు మీద ఏటవాలు రోడ్డు దిగడం గురించిన పాట.

"ఇది నాన్నకి భలే ఇష్టమండీ" అంది నర్సు. "వంట చేసేప్పుడు పెట్టేవాడు."

ఆ రికార్డుని ఆయనే కొన్నాడు. షాపాయన వచ్చేలోగా సంచిలో పడేశాడు. ఇన్నేళ్లలో ఆ కొట్లోంచి ఏదీ దాచి తీసుకెళ్లలేదాయన.

ఇంట్లో తలుపేసుకుని, చిన్న ప్లేయర్ మీద, మీట నలభై అయిదుకి తిప్పి పెట్టాడు. గిటార్లు గెంతుతూ వచ్చాయి. డ్రమ్ములు పరుగెత్తాయి. ఆ గనివాడి గొంతు ఇరవయ్యేళ్ల పిల్ల గొంతై, ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. వంటింట్లోంచి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇదెవరండీ? బాగుంది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పెట్టిన ఏ రికార్డునీ ఆవిడ ఆ మాట అనలేదు. ఆయన చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ విన్నది.

"అంటే వాడు చెప్పిందే..."

"ఆఁ."

"ఇప్పుడేం చేస్తారు?"

ఏమీ చెయ్యకుండా ఉండటమూ సాధ్యమే. రికార్డు బీరువాలో పెడితే శనివారం ఎప్పట్లాగే వస్తుంది. ఆయన కుర్చీ ఆయనకుంటుంది, జడ్జీ అన్న పిలుపూ ఉంటుంది. చెబితే రెండూ పోతాయి. ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని జడ్జీ అనరు. "ఏవండీ, ఆ కామా చూడండి" అంటారు. భార్య ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. కాసేపటికి వచ్చి, "ఇంకోసారి పెట్టండి" అని మాత్రం అంది.

శుక్రవారం సాయంత్రం ప్లేయర్ ఒక చేత్తో, రికార్డు ఒక చేత్తో పట్టుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన చెల్లెలి వరసావిడ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

"అన్నయ్యగారా! రండి రండి. ఏమండీ, ఎవరొచ్చారో చూడండి... కంగారుపడకండి."

బావమరిది బనీను సర్దుకుంటూ వచ్చాడు. హోటలు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు. గదిలో మూల డ్రమ్ములు దుప్పటి కింద ఉన్నాయి. వాటి మీద ఇస్త్రీ బట్టలు పేర్చి ఉన్నాయి.

"రండి బావగారూ. అక్క బాగానే ఉందా?"

"బాగుంది."

"మరి ఎవరికి బాగాలేదు?"

ఒకప్పుడు ఏరా బావా అన్నంత చనువున్నవాడు. ఇప్పుడు ఆ 'గారు' ఆయనకి చెంపమీద తగిలినట్టుంది. ప్లేయర్ పెట్టి పాట వేశాడు. బావమరిది నిలబడే విన్నాడు. ఇస్త్రీ బట్టల మీద వేళ్లు ఆడటం మొదలుపెట్టాయి. సగం పాటలో ఆగాయి.

"ఇది అదే."

"ఏది?"

"మీ తెల్ల అట్ట. ఇప్పుడు డ్రమ్మర్ ఓ దెబ్బ ఎగ్గొట్టాడు. ఆ రోజూ అక్కడే ఎగ్గొట్టాడు."

ఆ నలుగురూ వందలసార్లు విన్నా కనిపెట్టని సంగతి, ఒక్కసారి విన్నవాడికి ఇన్నేళ్లూ గుర్తుంది.

"నువ్వు చెప్పిందే నిజంరా. తప్పు వేగంలో విన్నాం. నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. అయినా నీ మనసు గొప్పది. ఇన్నేళ్లూ నా గురించి అడుగుతూనే ఉన్నావు."

"నేనా? నేనెప్పుడడిగాను?"

"మీ అక్క చెప్పేదిగా, వచ్చినప్పుడల్లా."

బావమరిది, అతని భార్య మొహాలు చూసుకున్నారు. ప్రూఫ్‌రీడర్‌కి అర్థమైంది. అక్షరం జారితే పట్టుకునే మనిషి, ఇంట్లో పందొమ్మిదేళ్లుగా వింటున్న ఆ చిన్న అబద్ధాన్ని పట్టుకోలేదు. ఎవరి కోసం ఆడిందో, ఎంత ఓపికగా ఆడిందో తలుచుకుంటూ ప్లేయర్ ముల్లు పక్కకి తీసిపెట్టాడు.

"అక్క సంగతి సరే" అన్నాడు బావమరిది, కాస్త మెత్తబడి. "ఇక్కడ మీరు నాకు చెప్పి లాభమేముంది బావగారూ? ఆ రోజు మీరన్నది ఆ ముగ్గురి ముందు. చెప్పాలంటే ఆ ముగ్గురి ముందే చెప్పండి. రేపు నాకు బస్సు లేదు. వచ్చి గుమ్మంలో నిలబడతా. లోపలికి మాత్రం రాను."

*

శనివారం నల్లబల్ల తుడిచారు. ఈసారి ముందు తనే ఒక బ్యాండు పెడతానన్నాడు ప్రూఫ్‌రీడర్. పదేళ్లుగా తీర్పులే గానీ ఏ బ్యాండూ పెట్టనివాడు కాబట్టి ముగ్గురూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. అట్ట సంచిలోనే ఉంచి, రికార్డు పెట్టి, మీట తిప్పాడు. సైకిలు పాట మోగింది. కొట్టువైపు గుమ్మంలో బావమరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొనడానికి వచ్చినవాడేమో అనుకున్నారు.

గంట తిరిగింది.

"ఐస్‌క్రీమ్ బండి" అన్నాడు ఆప్టీషియన్. "పిల్లలు పరుగెత్తుకొస్తారు, జాగ్రత్త."

"ఆ గొంతేంటయ్యా! పాలు పొంగిపోతుంటే అరిచినట్టు" అన్నాడు సర్వేయరు.

"జడ్జీగారికి వయసు మీద పడింది. టూత్‌పేస్టు ప్రకటనని బ్యాండనుకున్నారు."

"ఇలాంటివి నేను బయట పెట్టెలో కూడా పెట్టను" అన్నాడు షాపాయన. "పెట్టె పరువు పోతుంది."

"ఆ డ్రమ్మర్‌కి ఎవరన్నా చెప్పండ్రా, బస్సు వెళ్లిపోలేదని."

పావుగంటా ఇదే. ప్రూఫ్‌రీడర్ పెదవి విప్పలేదు. అందులో సగం తిట్లు ఆయన నేర్పినవే. ఇంత చవకబారుగా ఉంటాయని వాటికి ఎదురుగా కూర్చుంటే గానీ తెలియలేదు. గంట మోగింది. ఆయన లేచి సంచిలోంచి అట్ట తీసి టీ కప్పుల మధ్య పెట్టాడు.

సర్వేయరు దాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. ఆప్టీషియన్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. ఎవరూ నమ్మలేదు. ప్రూఫ్‌రీడర్ కొట్టు బీరువాలోంచి తెల్ల లేబుల్ రికార్డు తీసి, నలభై అయిదులో పెట్టి వినిపించాడు. అదే పాట, అదే పిల్ల.

ఆప్టీషియన్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఏంటి? బల్లమీద ఉండేది మనం విన్న బ్యాండు. ఈ ఆడపిల్లలెవరో మనకనవసరం."

"తప్పు వాళ్లది" అన్నాడు సర్వేయరు. "లేబుల్ మీద రాసుకోవద్దూ?"

"ముప్పైమూడులో విన్నది సంగీతం" అన్నాడు షాపాయన, బల్లకి అడ్డంగా నిలబడి. "ఇది వట్టి గోల."

ప్రూఫ్‌రీడర్ వాళ్లవైపు కాకుండా గుమ్మంవైపు తిరిగాడు. "ఆ రోజు ఈ గదిలో చెవులున్నది ఒక్కడికే. వాణ్ణి నేనే వెళ్లగొట్టాను. నేనన్న మాట తప్పు. మీ ముగ్గురి ముందే అన్నాను, మీ ముగ్గురి ముందే వెనక్కి తీసుకుంటున్నా."

అప్పుడు గుర్తుపట్టారు. "ఓహో, హోటలు తప్పెటగాడా!" అన్నాడు ఆప్టీషియన్. "బావాబావమరుదులు కలిసి వేసిన నాటకమన్నమాట."

"మొదటి స్థానం మీద చర్చ లేదు" అని సర్వేయరు బల్ల అడుగు చూపించాడు. జడ్జీ కుర్చీ తీసెయ్యడానికి మూడు చేతులు లేచాయి. వాక్యం స్పష్టంగా ఉంది. అందులో తప్పు పట్టడానికి ఒక్క చుక్క కూడా లేదు.

ఆయన తన రికార్డు తీసుకుని బయటికి నడిచాడు. వీధి మెట్టు దిగుతుంటే వెనక అడుగులు వినిపించాయి. షాపాయన. మొహం చూడకుండా ఒక కొత్త కాగితపు తొడుగు చేతిలో పెట్టాడు.

"దుమ్ము పడుతుంది" అని గొణిగి లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాత్రం దయ కూడా ఎవరూ చూడకుండా చెయ్యాల్సి వచ్చింది పాపం.

వీధి చివర బావమరిది ఆగి ఉన్నాడు.

"పద బావా, అక్క ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ ముందుగదిలో ప్లేయర్ దగ్గర చేరారు. మూడోసారి విన్నాక బావమరిది పెదవి విరిచాడు.

"నిజం చెప్పాలంటే బావా, పిల్ల బాగా పాడింది గానీ, డ్రమ్మర్ వట్టి దద్దమ్మ."

"ఏంటీ? నీకసలు..." ప్రూఫ్‌రీడర్ ఠక్కున ఆగాడు.

"ఆగావేం? తిట్టు. తిట్టకపోతే నీకు అరగదుగా."

"నీకసలు చెవుల్లో ఉన్నది చెక్కపొట్టురా. ఆ పరుగు చూడు, ప్రపంచంలో ఇంకో బ్యాండుకి ఉందా ఆ పరుగు?"

"పది చెప్తాను. రాసుకో."

"నువ్వు చెప్పే పదిలో తొమ్మిది మాకు పావుగంటక్కూడా సరిపోవు."

"'మాకు' ఎవరు బావా? ఇప్పుడు నువ్వొక్కడివే."

ఆయన బిక్కమొహం వేశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వు తగ్గాక కాగితం కోసం వెతుక్కున్నాడు. భార్య పడుకోడానికి లేస్తూ, "కాస్త మెల్లగా. పక్కింటి పిల్లకి రేపు పరీక్షట" అంది. ఇద్దరూ తల ఊపారు గానీ వినలేదు. ఆవిడ నడవాలో ఒక్క నిమిషం నిలబడింది. లోపల ఒకడు ఇంకొకణ్ణి మూర్ఖుడంటున్నాడు, రెండోవాడు మొదటివాణ్ణి చెవిటివాడంటున్నాడు. గడియ చప్పుడు కాకుండా చేత్తో ఆపి, ఆవిడ ముందుగది తలుపు మెల్లగా దగ్గరికి లాగి మూసింది.